చలికి నిలిచే పచ్చిమేత

బతుకమ్మ పండుగ నాటికి గట్లన్నీ పచ్చగా ఉంటాయి. కొడవలి పట్టుకుని గంట సేపు తిరిగితే మోపెడు గడ్డి దొరుకుతుంది. సంక్రాంతి నాటికి అవే గట్లు ఎండిపోతాయి. పొద్దంతా తిరిగినా గంపెడు పచ్చిగడ్డి దొరకదు.

అప్పుడే బర్రె పాలు తగ్గుతాయి. రోజుకు ఒక లీటరు తగ్గితే నెలకు 30 లీటర్లు తగ్గినట్టే. ఆ పాల పైసలతోనే పిల్లల ఫీజు కట్టాలి. ఉప్పు, పప్పు తేవాలి. బర్రె మీద తీసుకున్న అప్పు తీర్చాలి.

చలికాలంలో పచ్చిమేత ఎందుకు తగ్గుతుంది? చలికి తట్టుకునే మేత ఏది? ఆ మేతలో కూడా ఏ రకం మనకు పనికి వస్తుంది? ఇవి తెలుసుకుంటే పాలు నిలుస్తాయి.

లక్డారంలో చలి

లక్డారం పటాన్‌చెరు మండలంలోని ఊరు. 2016 దాకా ఇది మెదక్ జిల్లాలో ఉండేది. ఇప్పుడు సంగారెడ్డి జిల్లాలో ఉంది. పటాన్‌చెరు చుట్టూ ఫ్యాక్టరీలు, ప్లాట్లు పెరిగాయి. గడ్డి దొరికే బీళ్లు తగ్గాయి. అయినా బర్రెలను సాకే ఇళ్లు ఉన్నాయి. పాలు కొనే పట్నం పక్కనే ఉంది. కొరత మేతకే.

ఈ ప్రాంతంలో చలి తక్కువేమీ కాదు. పటాన్‌చెరులో తెల్లవారుజామున 10 డిగ్రీల కంటే కిందికి దిగే రోజులు ఉంటాయి. ఇదే జిల్లాలోని కోహీర్‌లో కొన్ని ఏళ్లలో 5 డిగ్రీల దాకా దిగింది. నీళ్లు గడ్డకట్టేది సున్నా డిగ్రీల దగ్గర. అంటే ఇక్కడ మంచుగడ్డలు పడవు. కానీ గడ్డి పెరుగుదల ఆగేంత చలి ఉంటుంది.

చలికాలంలో వాన ఉండదు, అందుకే గడ్డి ఉండదు అని చాలామంది అనుకుంటారు. అది నిజమే, కానీ సగం నిజం. బోరు నీళ్లు పెట్టిన నేపియర్ గడ్డి కూడా చలికాలంలో మెల్లగా పెరుగుతుంది. నీళ్లు ఉన్నాయి, ఎరువు ఉంది. మరి ఎందుకు పెరగదు? చలి వల్లనే.

వేడి కోరే మేత, చలి కోరే మేత

మేత పంటలు అన్నీ ఒక్క తీరు ఉండవు. కొన్ని వేడి కోరుతాయి. జొన్న, మొక్కజొన్న, సజ్జ, నేపియర్, పారాగడ్డి ఇలాంటివి. నేపియర్ పుట్టిల్లు ఆఫ్రికా. ఎండ ఎంత ఉంటే అంత ఏపుగా పెరుగుతుంది. 15 డిగ్రీల కంటే చలి దిగితే మందగిస్తుంది. వానాకాలంలో 45 రోజులకు కోతకు వచ్చే గడ్డి, చలికాలంలో 60 రోజులు దాటినా ఎత్తు పెరగదు.

కొన్ని పంటలు చల్లదనం కోరుతాయి. ఓట్లు, బర్సీం ఇలాంటివి. ఓట్లు అంటే ఎన్నికల్లో వేసే ఓట్లు కావు. ఇది గోధుమ లాంటి పైరు. దీన్ని ఓట్స్ అని కూడా అంటారు. ఎండలు ముదిరితే ఇవి నిలవవు.

లూసర్న్ అనే పంట వేడికీ తట్టుకుంటుంది, చలికీ తట్టుకుంటుంది. ఇది ఇరాన్ వైపు పుట్టిన పంట. మెంతి ఆకు లాంటి ఆకు, ఊదారంగు పువ్వు. దీని వేరు చాలా లోతుకు పోతుంది. ఒకసారి వేస్తే మూడు, నాలుగు ఏళ్లు ఉంటుంది. ఇప్పుడు ఈ పంట కథే ముఖ్యం.

మంచు దేశాల్లో మేత ఎలా బతుకుతుంది?

చలి దేశాల్లో శీతాకాలం మన లాగా ఉండదు. సున్నా కంటే 20, 30 డిగ్రీలు కిందికి పోతుంది. నేల రాయి అవుతుంది. నెలల తరబడి మంచు కప్పుకుని ఉంటుంది.

సీసా నిండా నీళ్లు పోసి మూత పెట్టి ఫ్రిజ్‌లో గడ్డకట్టిస్తే ఏమవుతుంది? సీసా పగులుతుంది. నీళ్లు గడ్డకట్టేటప్పుడు ఉబ్బుతాయి. మొక్క ఒంట్లో కూడా నీళ్లు ఉంటాయి. అవి గడ్డకడితే మొక్క లోపలి సన్నని గదులు చితికిపోతాయి. మొక్క చనిపోతుంది.

మరి అక్కడ లూసర్న్ ఎలా బతుకుతుంది? చలి ఒక్కసారిగా రాదు. మెల్లమెల్లగా వస్తుంది. పొద్దు తగ్గుతుంది, రాత్రులు చల్లబడతాయి. మొక్కకు ఇది తెలుస్తుంది. అది పైకి పెరగడం ఆపేస్తుంది. తన తిండిని వేరులో, మొదట్లో దాచుకుంటుంది. అక్కడ తీపి పెరుగుతుంది, నీరు తగ్గుతుంది. పంచదార పానకం ఉత్త నీళ్లంత తొందరగా గడ్డకట్టదు కదా! అదే తీరు ఇది. పైన కాడ, ఆకు చచ్చిపోయినా కింద మొదలు బతికి ఉంటుంది. పైన పడిన మంచు గొంగడి కప్పినట్టు కాపాడుతుంది. ఎండలు రాగానే మళ్లీ చిగురిస్తుంది. అంటే ఆ మొక్క చలికాలమంతా నిద్రపోతుంది.

అందుకే అక్కడి రైతులు చలి ముదరడానికి నెల, నెలన్నర ముందే ఆఖరి కోత ఆపేస్తారు. మొక్కకు తిండి దాచుకునే గడువు ఇస్తారు. గడువు ఇవ్వకుండా కోస్తే వేరు ఖాళీగా ఉండిపోతుంది. చలికి మొక్క చస్తుంది.

మన దేశంలో లడాఖ్ కూడా ఇలాంటి ప్రాంతమే. అక్కడ లూసర్న్‌ను ఓల్ అంటారు. ఎండాకాలంలో కోసి, ఎండబెట్టి, ఇంటి కప్పుల మీద దాచుకుంటారు. చలికాలమంతా పశువులకు అదే మేత.

బతికిన మొక్కే విత్తనం

చలికి నిలిచే రకం ఎలా తయారైంది? దీనికి ఒక నిజమైన కథ ఉంది.

జర్మనీ నుంచి వెండెలిన్ గ్రిమ్ అనే రైతు 1857లో అమెరికా వెళ్లాడు. మిన్నెసోటా అనే రాష్ట్రంలో స్థిరపడ్డాడు. తన వెంట కొద్దిగా లూసర్న్ విత్తనం తీసుకుపోయాడు. అక్కడ చలి చాలా ఎక్కువ. విత్తిన మొక్కల్లో చాలా భాగం మొదటి చలికే చనిపోయాయి. కొన్ని మాత్రం బతికాయి.

గ్రిమ్ ఏం చేశాడు? బతికిన మొక్కల విత్తనం ఏరి మళ్లీ విత్తాడు. మరుసటి చలికి మళ్లీ కొన్ని చచ్చాయి, కొన్ని బతికాయి. మళ్లీ బతికిన వాటి విత్తనమే తీశాడు. ఇలా ఏళ్ల తరబడి చేశాడు. చివరికి ఆ చలికి చావని లూసర్న్ తయారైంది. ఆయన 1890లో చనిపోయాడు. ఆ తర్వాత శాస్త్రవేత్తలు ఆ రకాన్ని గుర్తించారు. దానికి గ్రిమ్ అనే పేరే నిలిచింది. ఉత్తర అమెరికా చలి ప్రాంతాలకు ఆ రకం పాకింది.

గ్రిమ్ చేసిన పని మన ఆడవాళ్లకు కొత్తది కాదు. నిలబడిన చేనులో మంచి కంకి చూసి విత్తనానికి ఏరేది ఎవరు? చాలా ఇళ్లలో ఆడవాళ్లే. సంగారెడ్డి జిల్లాలోనే జహీరాబాద్ వైపు మహిళా సంఘాలు ఉన్నాయి. అవి డక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీతో కలిసి పాత విత్తనాలను కాపాడుతున్నాయి. బూడిద, వేపాకు కలిపి బుట్టల్లో దాచి, ఒకరికొకరు ఇచ్చుకుంటారు. వాన లేకున్నా మంచుకే పండే యాసంగి పంటలు ఆ నల్లరేగడి చేలల్లో ఉన్నాయి. తరతరాలుగా ఏరిన విత్తనం వల్లనే అవి నిలిచాయి.

నిద్రపోయే రకం, నిద్రపోని రకం

ఇక్కడ ఒక ముఖ్యమైన సంగతి ఉంది. చలికి చావకపోవడం వేరు. చలిలో పెరగడం వేరు.

మంచు దేశాల రకం చలికి చావదు. కానీ పెరగదు కూడా. పొద్దు తగ్గి, రాత్రులు చల్లబడగానే నిద్రపోతుంది. ఆ విత్తనం తెచ్చి లక్డారంలో వేస్తే ఏమవుతుంది? కార్తీకం రాగానే అది పెరగడం తగ్గిస్తుంది. సరిగ్గా మేత లేని నెలల్లోనే మేత ఇవ్వదు. చలికి గట్టి రకం అని పేరు విని కొంటే పైసలు పోతాయి.

మనకు కావలసింది నిద్రపోని రకం. ఇక్కడి చలి మొక్కను చంపేంత చలి కాదు. కాబట్టి మొక్క నిద్రపోవలసిన పని లేదు. చలికాలంలో కూడా కోతకు రావాలి.

శాస్త్రవేత్తలు లూసర్న్ రకాలకు నిద్రను బట్టి 1 నుంచి 11 దాకా అంకెలు ఇస్తారు. 1 అంటే చాలా నిద్రపోయేది. 11 అంటే అసలు నిద్రపోనిది. చలి దేశాల వాళ్లు చిన్న అంకె రకాలు వేస్తారు. వెచ్చని ప్రాంతాల వాళ్లు పెద్ద అంకె రకాలు వేస్తారు. గుజరాత్‌లోని ఆనంద్‌లో తయారైన ఆనంద్-2 నిద్రపోని రకం. మహారాష్ట్రలోని రాహురిలో తయారైన ఆర్.ఎల్.-88 కూడా చలికాలంలో కోతకు వస్తుంది.

చలికాలానికి ఏమేం వేయవచ్చు?

లూసర్న్: బోరు గానీ బావి గానీ ఉన్నవాళ్లకు ఇది మంచిది. నీళ్లు నిలవని నేల కావాలి. అక్టోబరు, నవంబరులో విత్తాలి. ఎకరానికి 8 కిలోల విత్తనం చాలు. విత్తే ముందు విత్తనానికి రైజోబియం పొడి పట్టించాలి. బెల్లం నీళ్లలో కలిపి పట్టిస్తే అంటుకుంటుంది. రెండు నెలలు దాటాక మొదటి కోత వస్తుంది. తర్వాత నెలకొక కోత తీయవచ్చు. నేలకు మరీ ఆనించి కోయవద్దు. మూడు వేళ్ల మందం మొదలు వదలాలి.

ఓట్లు: అక్టోబరు, నవంబరులో విత్తాలి. ఎకరానికి 40 కిలోల విత్తనం కావాలి. కెంట్ అనే రకం దేశమంతా పేరున్నది. 55 నుంచి 60 రోజులకు మొదటి కోత వస్తుంది. నీళ్లు, ఎరువు ఇస్తే ఇంకో కోత వస్తుంది.

బర్సీం: ఇది ఈజిప్టు నుంచి 1904లో మన దేశానికి వచ్చింది. పంజాబ్, ఉత్తరప్రదేశ్ వైపు చలి ఎక్కువ రోజులు ఉంటుంది. అక్కడ ఎక్కువ కోతలు ఇస్తుంది. మన దగ్గర చలి తొందరగా పోతుంది. అందుకే కోతలు తక్కువ. నీళ్లు కూడా ఎక్కువ కావాలి.

యాసంగి జొన్న: నీళ్ల వసతి లేని నల్లరేగడి నేలకు ఇదే దిక్కు. జొన్న వేడి కోరే పంటే. కానీ యాసంగి జొన్న రకాలు మన చలికి అలవాటు పడ్డాయి. చలికి తట్టుకోని జొన్నకు కంకి వచ్చినా గింజ సరిగా పట్టదు. ఎం.35-1 అనే రకాన్ని మాల్‌దండి అని కూడా అంటారు. 1930లలో మహారాష్ట్రలోని మోహోల్‌లో నాటు జొన్న నుంచి దీన్ని ఏరారు. గింజ ఇంటికి, చొప్ప పశువుకు. జొన్న మీద పరిశోధన చేసే ఇక్రిశాట్ సంస్థ లక్డారం ఉన్న పటాన్‌చెరు మండలంలోనే ఉంది. అది 1972లో మొదలైంది.

నేపియర్ ఉన్నవాళ్లు దాన్ని తీసేయవద్దు. చలి పోగానే అది మళ్లీ ఏపుగా లేస్తుంది. నేపియర్ పక్కనే కొన్ని గుంటలు లూసర్న్ ఉంటే ఏడాది పొడుగునా పచ్చిమేత ఉంటుంది.

ఒక మాట గుర్తుంచుకోవాలి. చలి మేతను చలి ముదరక ముందే విత్తాలి. గింజ మొలవడానికి వెచ్చదనం కావాలి. దసరా పోగానే దుక్కి చేసుకుంటే మంచిది. సంక్రాంతికి మేత కావాలంటే దీపావళి నాటికి విత్తనం నేలలో ఉండాలి.

ఎన్ని గుంటలు కావాలి? లెక్క చూద్దాం

పాలిచ్చే బర్రెకు రోజుకు 20 నుంచి 25 కిలోల పచ్చిమేత పెడితే మంచిది. అందులో మూడు పాళ్లు గడ్డి, ఒక పాలు లూసర్న్ ఉండాలి. అంటే లూసర్న్ రోజుకు 5 కిలోలు అనుకుందాం. దీంతో పాటు 5, 6 కిలోల ఎండు చొప్ప పెట్టాలి.

నీళ్లు, ఎరువు బాగా ఉంటే లూసర్న్ ఎకరానికి ఏడాదికి 30 టన్నుల దాకా వస్తుంది. 30 టన్నులు అంటే 30,000 కిలోలు. ఎకరానికి 40 గుంటలు. ఒక గుంటకు 750 కిలోలు. ఏడాదికి 365 రోజులు. అంటే ఒక గుంట రోజుకు సుమారు 2 కిలోలు ఇస్తుంది.

5 కిలోలు కావాలంటే రెండున్నర గుంటలు చాలు. కొంచెం ఎక్కువ చూసుకుని 3 గుంటలు వేయవచ్చు. 3 గుంటలకు విత్తనం ఎంత? 40 గుంటలకు 8 కిలోలు. ఒక గుంటకు 200 గ్రాములు. 3 గుంటలకు 600 గ్రాములు.

ఆ 3 గుంటలను 30 చిన్న మడులు చేయండి. రోజుకు ఒక మడి కోయండి. 30వ మడి కోసేనాటికి మొదటి మడి మళ్లీ కోతకు వస్తుంది. రోజూ మేత, రోజూ ఒకే తీరు పాలు.

సొంత భూమి లేనివాళ్లు ఏం చేయాలి? పొదుపు సంఘంలో పది మంది కలిసి నీళ్లున్న భూమి కౌలుకు తీసుకోవచ్చు. పది మందికి 30 గుంటలు చాలు. అంటే ఎకరం కూడా అక్కర లేదు.

సంచి మీది చీటీ చదవండి

విత్తనం కొనేటప్పుడు దుకాణంలో ఏదో ఒకటి ఇస్తే తీసుకోవద్దు. చదవడం వచ్చింది కదా! సంచికి కుట్టిన చీటీ చదవండి.

చీటీ మీద పంట పేరు ఉంటుంది. రకం పేరు ఉంటుంది. వందకు ఎన్ని గింజలు మొలుస్తాయో ఉంటుంది. పరీక్ష చేసిన తేదీ, చెల్లే గడువు ఉంటాయి. నీలి రంగు చీటీ ఉంటే అది ప్రభుత్వ సంస్థ ధృవీకరించిన విత్తనం. ఉత్త లూసర్న్ అని రాసి ఉంటే చాలదు. ఏ రకమో చూడాలి. చలికాలంలో కోతకు వస్తుందా అని అడగాలి. గడువు దాటితే తీసుకోవద్దు. బిల్లు అడిగి తీసుకోవాలి. పంట అయిపోయేదాకా బిల్లు, చీటీ దాచాలి.

లూసర్న్ విత్తనంలో బంగారు తీగ గింజలు కలిసి వస్తుంటాయి. పచ్చగా దారం లాగా మొక్కకు చుట్టుకునే కలుపు ఇది. కనిపిస్తే ఆ మొక్కలతో సహా పీకి కాల్చాలి.

రకం గురించి అనుమానం ఉంటే పశువుల ఆసుపత్రిలో అడగండి. రాజేంద్రనగర్‌లోని వ్యవసాయ విశ్వవిద్యాలయంలో పశుగ్రాసాల మీద పరిశోధన జరుగుతుంది. అక్కడ కూడా అడగవచ్చు.

మూడు జాగ్రత్తలు

మొదటిది ఉబ్బు. ఆకలి మీద ఉన్న పశువుకు లేత లూసర్న్, బర్సీం కడుపు నిండా పెడితే కడుపు ఉబ్బుతుంది. ఎడమ డొక్క లేస్తుంది. పశువు చనిపోవచ్చు. కోసిన మేతను కొంత సేపు వాడనివ్వాలి. ముందు ఎండు చొప్ప వేయాలి. తర్వాత చొప్పలో కలిపి పెట్టాలి. ఉబ్బు కనిపిస్తే వెంటనే డాక్టరును పిలవాలి.

రెండోది నాము. జొన్న కోసిన చేనులో మళ్లీ పిలకలు లేస్తాయి. నీళ్లు లేక, చలికి గిడసబారిన లేత పిలకల్లో విషం ఎక్కువ ఉంటుంది. అవి మేస్తే పశువుకు నాము తగులుతుంది. ఊపిరి ఆడదు, నురగ వస్తుంది, పడిపోతుంది. పూత రాని జొన్నను మేపవద్దు. పశువు పడిపోతే గడియ కూడా ఆగవద్దు. నాముకు సూదిమందు ఉంది. అది సమయానికి పడాలి.

మూడోది నాలా గడ్డి. అన్ని గట్లూ ఎండిన రోజుల్లో నాలాల పక్కన గడ్డి పచ్చగా కనిపిస్తుంది. కొడవలి అటే పోతుంది. పటాన్‌చెరు, బొల్లారం వైపు ఫ్యాక్టరీల మురికి నీళ్లు వాగుల్లో, చెరువుల్లో కలవడం మీద 1990లోనే సుప్రీంకోర్టులో కేసు పడింది. రసాయనాల నీళ్లకు పెరిగిన గడ్డి చూడటానికి పచ్చగానే ఉంటుంది. కానీ ఆ నీళ్లలోని విషం గడ్డికి, గడ్డి నుంచి పశువుకు, పశువు నుంచి పాలకు రావచ్చు. ఆ పాలు మన పిల్లలే తాగుతారు. రంగు మారిన, ఘాటు వాసన వచ్చే నీళ్ల పక్కన గడ్డి కోయవద్దు. మంచి నీళ్లతో పెంచిన 3 గుంటల లూసర్న్ ఉంటే ఆ నాలా దాకా పోవలసిన అవసరమే రాదు.

ఆలోచించండి, చర్చించండి

1. మీ ఇంట్లో బర్రె పాలు ఏ నెలలో తగ్గుతాయి? ఎన్ని లీటర్లు తగ్గుతాయి? రాసి చూడండి.

2. మంచు దేశం లూసర్న్ మన ఊళ్లో ఎందుకు పనికి రాదు? పక్కింటి ఆమెకు మీ మాటల్లో చెప్పండి.

3. రెండు బర్రెలకు ఎన్ని గుంటల లూసర్న్ కావాలి? విత్తనం ఎంత కావాలి?

4. మీ ఇంట్లో పాత విత్తనం సంచి ఉంటే దాని మీది చీటీ చదవండి. రకం పేరు, గడువు తేదీ పలక మీద రాయండి.